కట్టుబడి ఇనాం నుంచి అగ్నివీర్ దాకా

గిద్దలూరు, కొమరోలు, రాచర్ల, బేస్తవారిపేట, అర్ధవీడు మండలాల్లో మిలిట్రీకి మనిషిని పంపని ఊరు కోసం వెతకాల్సిందే. ఒకపక్క నల్లమల, మరోపక్క వెలిగొండలు. వాన పడితే పంట, లేకపోతే వలస. గుండ్లకమ్మ మీద రాయల కాలపు కంభం చెరువును మినహాయిస్తే పెద్ద నీటి ఆధారం లేని సీమ ఇది. మార్కాపురం పలకల గనులు కొన్ని కుటుంబాలకు కూలి చూపించాయి. చదువు పదితోనో ఇంటర్‌తోనో ఆగిన కుర్రాళ్లకు గుంటూరు రిక్రూటింగ్ ఆఫీసు పెట్టే ర్యాలీ మిగిలింది. తెల్లవారుజామున రోడ్ల వెంట పరుగు తీసే పిల్లలు ఇక్కడ ఏ ఊళ్లోనైనా కనిపిస్తారు. సైన్యం వీళ్లకు బువ్వ పెట్టింది, గౌరవమూ ఇచ్చింది. బువ్వ కోసం వెళ్లాడు కాబట్టి దేశభక్తి తక్కువ అనేవాళ్లు సియాచిన్‌లో ఒక్క రాత్రి నిలబడి వచ్చి మాట్లాడాలి.

వెళ్లినవాడు పదిహేడేళ్లో ఇరవై నాలుగేళ్లో చేసి పెన్షన్ మీద వస్తాడు. కొందరు మధ్యలోనే జబ్బుతోనో గాయంతోనో ఇంటికి చేరతారు. కొందరు పెట్టెలో వస్తారు. ఆ తర్వాత వాళ్లకో, వాళ్ల భార్యాబిడ్డలకో ఎదురయ్యే ప్రశ్న రెండు వందల ఏళ్లుగా ఒక్కటే: నీకు అర్హత ఉందా, ఉంటే ఋజువేదీ? పతకం, పింఛను, భూమి, పిల్లవాడి కాలేజీ సీటు, అన్నిటి దగ్గరా ఇదే. సేవ చేయించుకున్నది రాజ్యం. చేసిన సేవను చిట్టాలో రాసుకున్నదీ రాజ్యమే. ఋజువు తెమ్మని మాత్రం సిపాయిని అడుగుతారు. ఈ సీమ చరిత్రను వెనక్కి తిరిగి చూస్తే నాకు మొదటి నుంచీ కనిపించేది ఈ అన్యాయమే.

విజయనగర కాలంలో సైనికసేవకు ప్రతిఫలం ఎక్కువగా భూమి రూపంలో ముట్టేది. నాయంకరం పుచ్చుకున్న నాయకుడు రాయలకు సైన్యాన్ని నిలపాలి. తన కింది బంట్లకు మాన్యాలు పంచి పెట్టుకోవాలి. రాయల రాజ్యం పోయాక పాలెగాళ్లు ఆ పద్ధతినే కొనసాగించారు. పాలెగాడు పిలిచినప్పుడు ఆయుధం పట్టి వచ్చే బంటుకు స్వల్పమైన పన్ను మీద ఇచ్చిన నేలే కట్టుబడి ఇనాం. తండ్రి కొలువు కొడుకు చేస్తాడు, తండ్రి దున్నిన నేల కొడుకు దున్నుకుంటాడు. ఊరందరికీ తెలిసిన కట్టు అది. ఊరి ఎరుకే దానికి పత్రం.

1800లో నిజాం దత్తమండలాలను కంపెనీకి అప్పగించాడు. కంభం, దూపాడు సీమలూ వాటిలో ఉన్నాయి. ప్రిన్సిపల్ కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో ఎనభై మంది దాకా ఉన్న పాలెగాళ్ల బలం విరిచాడు. కొందరికి పింఛన్లు కట్టాడు. బంట్లను పోలీసు, కావలి పనులకు మళ్లించారు. యుద్ధాలు లేవు కాబట్టి ఈ ఇనాములు ఇంకెందుకన్న ఆలోచన కంపెనీ కచేరీల్లో మెల్లగా బలపడింది. అనుభవిస్తున్న మనిషి చనిపోగానే ఇనాంను సర్కారు తిరిగి తీసుకోవడం మొదలైంది. కొలువు చేసిన తండ్రికి అర్హత ఉంది, కొడుక్కి లేదు అన్నారు. వందేళ్లు నడిచిన కట్టు ఒక చావుతో తెగిపోయింది.

1846లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి లేచింది ఈ మంట మీదే. ఆయన వాటాకు వచ్చేది నెలకు పదకొండు రూపాయల చిల్లర పింఛను. బంధువులు చనిపోతే వాళ్ల వాటాలు ఆయనకు దక్కలేదు. పాలెగాడి కుటుంబంలో పుట్టినవాడికి అది అవమానం. అయితే ఒక్కడి అవమానంతో తిరుగుబాటు రాదు. ఆయన వెంట వేల మంది నడవడానికి ముఖ్య కారణాల్లో ఒకటి కట్టుబడి ఇనాముల జప్తు. కొలువు భూమి పోగొట్టుకున్న బంట్లు ఆయన దండులో చేరారు. జూలైలో కోయిలకుంట్ల ఖజానా మీద పడ్డారు. ఆ నెలలోనే గిద్దలూరు దగ్గర వాట్సన్ నడిపిన కంపెనీ బలంతో పోరాడారు. అప్పటికి కంభం, గిద్దలూరు కడప జిల్లాలోవి. అణచివేత నడిపించినవాడు కడప యాక్టింగ్ కలెక్టరు కాక్రేన్. అక్టోబరులో రెడ్డి పట్టుబడ్డాడు. 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో ఉరి తీశారు. ఆయన తలను 1877 దాకా కోట గుమ్మానికి వేలాడదీసి ఉంచారు. సినిమాలు, బుర్రకథలు నరసింహారెడ్డిని బతికించాయి. ఆయన వెనక నడిచిన కట్టుబడి బంటు ఎవరికీ గుర్తు లేడు. గిద్దలూరు పొలిమేరల్లో పడిపోయిన ఆ బంటు అడిగింది తన తండ్రి చేసిన కొలువుకు గుర్తింపు. మన ప్రాంతంలో సైనిక ప్రతిఫలం మీద రక్తం చిందించిన తగాదా అదేనని నా నమ్మకం.

1858లో కంభం, మార్కాపురం ప్రాంతాలను కర్నూలు జిల్లాలో కలిపారు. మద్రాసు ప్రెసిడెన్సీలో ఇనాం కమిషన్ పని మొదలైందీ ఆ ఏడే. యాభై ఏళ్ల అనుభవం చూపినవాడి హక్కును ఒప్పుకోవాలన్నది కమిషన్ నియమం. చెప్పాలంటే ఉదారమైన నియమమే. కానీ పన్నెండేళ్ల కిందటే ఇనాం పోగొట్టుకున్న ఇంటివాడు యాభై ఏళ్ల అనుభవం ఎక్కడి నుంచి తెస్తాడు? తీసుకున్నది సర్కారు, అనుభవం తెగింది కాబట్టి హక్కు లేదన్నదీ సర్కారు. ఇలాంటి మెలిక తర్వాతి కాలంలో మళ్లీ మళ్లీ వస్తుంది.

ఇనాం భూముల సంగతి ఇలా ఉంటే, కంపెనీ జీతం మీద యూనిఫాం తొడిగిన తెలుగువాళ్ల సంగతి వేరే కథ. ఉత్తరాదిలో కంపెనీ సిపాయిని చాలాకాలం ‘తిలంగా’ అని పిలిచారు. మొదటి సిపాయిలు దక్షిణ తీరం నుంచి వెళ్లడం వల్ల వచ్చిన పేరది. మద్రాసు సైన్యం అసయేలో, సీతాబల్దిలో, బర్మాలో పోరాడింది. 1803 నుంచి 1826 వరకు జరిగిన ఆ యుద్ధాలకు పతకం ఇవ్వాలని కంపెనీకి 1851లో తోచింది. బతికి ఉన్నవాళ్లకు మాత్రమే ఇస్తారు, అదీ అడిగినవాళ్లకే. అసయే యుద్ధానికి అప్పటికి 48 ఏళ్లు. పల్లెకు చేరి ముసలివాడైన సిపాయికి ఆ కబురు చేరడమే గగనం. ‘ఆర్మీ ఆఫ్ ఇండియా’ పతకం అందుకున్న దేశీ సిపాయిలు అందుకే అంత తక్కువ.

తర్వాత పతకాన్ని దాటి సైనికుడి పుట్టుక మీదికే అర్హత ప్రశ్న వచ్చింది. 1881 నుంచి 1885 వరకు మద్రాసు సైన్యాధిపతిగా చేసిన రాబర్ట్స్ దక్షిణాదివాళ్లు యుద్ధానికి పనికిరారని తేల్చాడు. ‘వీరజాతులు’ అనే సిద్ధాంతం పుట్టుకొచ్చింది. మద్రాసు పటాలాలను ఒక్కొక్కటిగా రద్దు చేశారు, కొన్నింటిని పంజాబీలతో నింపారు. 1920ల చివరికి మద్రాసు పదాతి దళమే లేకుండా పోయింది. ఇంజినీరు పనులు చేసే సాపర్లు మాత్రం మిగిలారు. దేశంలో కంపెనీ జెండా పాతడానికి పనికొచ్చిన తెలుగు సిపాయి వందేళ్లు తిరిగేసరికి సైన్యంలో చేరే అర్హతే పోగొట్టుకున్నాడు. విక్టోరియా క్రాస్ సైతం 1911 దాకా భారతీయ సైనికుడికి అందని పతకమే.

మొదటి ప్రపంచ యుద్ధంలో ఒకే పతకానికి రెండు లోహాలు వాడారు. తుపాకీ పట్టినవాడికి వెండి, మూటలు మోసి దారులు వేసిన లేబర్ కోర్ మనిషికి కంచు. శత్రువు గుండు ఇద్దరినీ ఒకేలా చంపింది. రెండో యుద్ధం వచ్చేసరికి మనుషుల అవసరం పెరిగి వీరజాతుల మాట పక్కకు పోయింది. మద్రాస్ రెజిమెంట్ మళ్లీ లేచింది, తెలుగు పల్లెల నుంచి జనం పోయారు. యుద్ధం ముగిశాక పతకాల లెక్కలు చూడండి. దేశంలోనే ఉండి పనిచేసినవాడికి ‘ఇండియా సర్వీస్’ పతకం రావాలంటే మూడేళ్లు నిండాలి. 1943లో చేరినవాడికి యుద్ధం ముగిసేలోగా మూడేళ్లు ఎలా నిండుతాయి? యుద్ధం కోసం తీసుకుని, యుద్ధం అయిపోగానే పంపేసిన వాళ్లలో చాలామందికి పింఛనూ లేదు. తర్వాత రాష్ట్ర ప్రభుత్వాలు రెండో ప్రపంచ యుద్ధ సైనికులకు, వాళ్ల వితంతువులకు సాయం ఇచ్చాయి. అప్పటికి ఎందరి డిశ్చార్జి కాగితాలు చెదలు తినేశాయో!

ఆజాద్ హింద్ ఫౌజ్‌లో చేరినవాళ్ల పరిస్థితి ఇంకా విచిత్రం. స్వతంత్ర భారత సైన్యం వాళ్లను వెనక్కి తీసుకోలేదు. 1972లో సమరయోధుల పింఛను వచ్చాకే ప్రభుత్వం వాళ్లను లెక్కలోకి తెచ్చింది. ఆ పింఛను తగాదాల్లోనే సుప్రీంకోర్టు 2001లో గురుదయాళ్ సింగ్ కేసులో ఒక మంచి మాట చెప్పింది. ఏళ్ల కిందటి త్యాగానికి క్రిమినల్ కేసులో అడిగినట్టు సాక్ష్యం అడగకూడదు, నమ్మదగినంత ఉంటే చాలునని. ఆ మాట సైనికుల దరఖాస్తులు చూసే ప్రతి బల్ల మీదా రాసి పెట్టదగ్గది.

1950 జనవరి 26న పరమ వీర చక్ర, మహా వీర చక్ర, వీర చక్ర ఏర్పడ్డాయి. 1947 ఆగస్టు 15 నుంచి వర్తించేలా చేశారు. ఆ తర్వాత కొన్ని యుద్ధాలకు ఒక నక్షత్రం, ఒక పతకం. 1965 యుద్ధానికి సమర సేవా స్టార్, రక్షా పతకం. 1971కి తూర్పున పూర్వీ స్టార్, పడమట పశ్చిమీ స్టార్, సేవలో ఉన్నవాళ్లకు సంగ్రామ్ పతకం. 1971 డిసెంబర్ 3 నుంచి 1972 డిసెంబర్ 20 వరకు అన్నది సంగ్రామ్ పతకానికి గీసిన గీత. గీత లేకుండా పతకం ఉండదు, దాన్ని ఎవరూ తప్పుపట్టరు. గీతకు ఏ పక్కన ఉన్నాడో తేల్చే కాగితం యూనిట్‌లో రాయలేదంటేనే గొడవ. బదిలీలో ఉన్నవాడు, ఆస్పత్రిలో ఉన్నవాడు, మరో యూనిట్‌కు అటాచ్ అయినవాడు ఆ గీత మీద చిక్కుకుంటారు.

పెద్ద దేశాల్లోనూ ఈ తంటా ఉంది. అమెరికా 1917లో మెడల్ ఆఫ్ ఆనర్ జాబితా తిరగేసి 911 పేర్లు కొట్టేసింది. వాటిలో 864 పేర్లు ఒకే రెజిమెంటువి. గడువు దాటాక కొద్దిరోజులు రాజధాని కాపలాకు ఉండమని అడగడం కోసం ఇస్తామన్న పతకాలవి, ఉన్నవాళ్లకూ లేనివాళ్లకూ కలిపి పంచేశారు. ఆ కోతలో యుద్ధ డాక్టరు మేరీ వాకర్ పేరూ పోయింది. మళ్లీ చేర్చడానికి 1977 దాకా పట్టింది. బ్రిటన్ అయితే రెండో ప్రపంచ యుద్ధంలో ఉత్తర ధ్రువ సముద్రంలో సరుకు ఓడలు నడిపినవాళ్లకు ఆర్కిటిక్ స్టార్‌ను 2013లో ఇచ్చింది. అప్పటికి దాదాపు డెబ్భై ఏళ్లు.

తిరిగి మన ఊళ్లకు వద్దాం. ఒక పాత సిపాయి ఇంట్లో ట్రంకుపెట్టె తెరిస్తే అడుగున డిశ్చార్జి బుక్కు దొరుకుతుంది. నంబరు, ర్యాంకు, పేరు, తండ్రి పేరు, ఎత్తు, పుట్టుమచ్చలు, ఎందుకు డిశ్చార్జి చేశారు, నడవడి ఎలాంటిది, ఏ పతకాలు వచ్చాయి, అన్నీ అందులో ఉంటాయి. ఇంటి చిరునామా దగ్గర ‘దగ్గరి రైల్వే స్టేషను’ అని ఒక గడి. అక్కడ గిద్దలూరు అనో, కంభం అనో, మార్కాపూర్ రోడ్ అనో రాసి ఉంటుంది. జిల్లా గడిలో కర్నూలు. 1970 ఫిబ్రవరిలో ఒంగోలు జిల్లా ఏర్పడేదాకా మార్కాపురం, గిద్దలూరు కర్నూలు జిల్లాలోవే మరి. 1972లో అది ప్రకాశం జిల్లా అయింది. 1962లో డిశ్చార్జి అయిన ఆయన కాగితంలో కర్నూలు జిల్లా అని ఉంటే, ఆయన భార్య ఆధార్‌లో ప్రకాశం అని ఉంటుంది. ఊరు కదలలేదు, ఇల్లు కదలలేదు, జిల్లా మారింది. ఆ తేడా చూపి దరఖాస్తు వెనక్కి పంపితే ఎనభై దాటిన వితంతువు ఏం చెయ్యాలి?

పేర్ల గోల ఇంకొకటి. తెలుగువాడి ఇంటిపేరు ముందు ఉంటుంది. రికార్డ్ ఆఫీసు గుమాస్తా దాన్ని వెనక్కి తోస్తాడు, లేదా తీసేసి కులనామాన్ని ఇంటిపేరు చేస్తాడు. లక్ష్మీదేవి ఒకచోట లక్ష్మమ్మ అవుతుంది. పెళ్లి అయిన సంగతి యూనిట్ రికార్డుకు ఎక్కించే పార్ట్ టూ ఆర్డర్‌లో పడకపోతే సైన్యం లెక్కలో ఆమె భార్యే కాదు. భర్త పోయాక ఫ్యామిలీ పెన్షన్‌కు ఆమె సర్పంచి దగ్గరికి, తహసీల్దారు దగ్గరికి, ఒంగోలులోని జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి తిరగాలి. గిద్దలూరు నుంచి ఒంగోలు నూట యాభై కిలోమీటర్ల దాకా ఉంటుంది. అక్కడి నుంచి కాగితం బెంగళూరుకో, వెల్లింగ్టన్‌కో, నాసిక్‌కో, సికింద్రాబాదుకో పోవాలి. చివరికి ప్రయాగ్‌రాజ్‌లో పీపీఓ, అంటే పింఛను ఉత్తర్వు, తయారవ్వాలి. ఇప్పుడు స్పర్శ్ అని ఆన్‌లైన్ పద్ధతి వచ్చింది. మీసేవ కేంద్రంలో ఎవరో కుర్రాడు వేలిముద్ర పట్టి, వివరాలు ఎక్కించి పెడితే ఆమె అర్హత నిలబడుతుంది. పాత పేరు తప్పు అక్కడ కొత్తగా మళ్లీ తప్పు అవుతుంది.

సిపాయికి పూర్తి పింఛను రావాలంటే పదిహేనేళ్ల సర్వీసు ఉండాలి. 1960ల్లో చేరినవాళ్లలో చాలామందిది ఏడేళ్లు కలర్ సర్వీసు (పటాలంలో కొలువు), ఎనిమిదేళ్లు రిజర్వు (పిలిస్తే వచ్చే కొలువు) అనే లెక్క. రెండూ కలిస్తే పదిహేను. కలర్ సర్వీసు అయ్యాక రిజర్వులోకి పంపకుండా ఇంటికి పంపేసినవాడికి ఆ ఎనిమిది ఎలా నిండుతాయి? కట్టుబడి ఇంటివాడికి ఇనాం కమిషన్ పెట్టిన మెలికే ఇదీ. అంగవైకల్యపు పింఛను కేసుల్లో మెడికల్ బోర్డు రాసే ‘సర్వీసు వల్ల వచ్చింది కాదు, సర్వీసు వల్ల పెరిగిందీ కాదు’ అనే ఒక్క వాక్యం ఎన్ని ఇళ్ల పొయ్యి ఆర్పిందో. 2013లో ధరమ్‌వీర్ సింగ్ తీర్పుతో సుప్రీంకోర్టు ఆ బరువును సరైన భుజం మీదికి మార్చింది. చేరేటప్పుడు ఆరోగ్యంగా ఉన్నాడని మీరే రాసుకున్నారు, తర్వాత వచ్చిన జబ్బు సర్వీసు వల్ల కాదని మీరే నిరూపించండి అంది. ఇంత సులభమైన న్యాయం మన సిపాయికి అందడానికి స్వాతంత్ర్యం వచ్చాక అరవై ఆరేళ్లు పట్టింది. 2009లో పని మొదలుపెట్టిన సాయుధ బలగాల ట్రిబ్యునల్ దగ్గరికి వెళ్లాలంటే మనకు ప్రాంతీయ బెంచి చెన్నైలో. అంత దూరం పోలేక హక్కు వదులుకున్నవాళ్ల లెక్క ఏ తీర్పులోనూ ఉండదు.

భూమి కథ ఇంకా సాగుతూనే ఉంది. మాజీ సైనికుడికి ప్రభుత్వం మెట్ట అయితే అయిదెకరాలు, మాగాణి అయితే రెండున్నర ఎకరాల దాకా ఇస్తుంది. పదేళ్ల తర్వాత అమ్ముకోవచ్చని 1993 నవంబర్ 11 నాటి జీవో 1117 స్పష్టంగా చెప్పింది. అయినా ఆ భూములను పేదల అసైన్డ్ భూములతో కలిపేసి నిషేధిత జాబితాలో పెట్టారు. మిలిట్రీ ఆయన కూతురి పెళ్లికి ఎకరం అమ్ముదామంటే రిజిస్ట్రారు ఆఫీసు కుదరదనేది. ఆయన హైకోర్టుకు పోవాల్సి వచ్చేది. అసలు అర్హుడి చుట్టూ ఇన్ని ముళ్లకంపలు పాతే వ్యవస్థలోనే దొంగ పట్టాలు, దొంగ సర్టిఫికెట్లు అంత సులువుగా ఎలా పుట్టుకొస్తాయో నాకు ఎన్నటికీ మింగుడుపడదు. పిల్లల చదువు దగ్గరా ఇదే వరస. సైనికుల పిల్లలకు కోటా ఉంది. కానీ పఠాన్‌కోట్‌లోనో జోధ్‌పూర్‌లోనో కేంద్రీయ విద్యాలయంలో చదివిన పిల్లకు 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం నాలుగేళ్ల స్థానిక చదువు చూపడం కష్టం. తండ్రి దేశమంతా తిరిగింది దేశం పంపితేనే కదా!

శౌర్య పతకం ఏ స్థాయిది కావాలన్నది ఇంకా సున్నితమైన విషయం. గల్వాన్‌లో 2020 జూన్‌లో ప్రాణమిచ్చిన సూర్యాపేట బిడ్డ కల్నల్ సంతోష్ బాబుకు 2021లో మహా వీర చక్ర ప్రకటించారు. పరమ వీర చక్ర వస్తుందనుకున్నామని ఆయన తండ్రి బాహాటంగానే చెప్పారు. మహా వీర చక్ర గొప్ప గౌరవం. కానీ కొడుకును పోగొట్టుకున్న తండ్రి అలా అడిగే హక్కు ఎవరూ కాదనలేరు. పతకాల కమిటీ ఏ కొలత పెట్టి ఎలా తూచిందో కుటుంబానికి నాలుగు మాటల్లో చెప్పే ఆచారం ఉండాలి.

ఇక అగ్నివీరులు. 2022 జూన్ 14న ప్రకటించిన పథకం. నాలుగేళ్ల సేవ, ఆఖరున సుమారు 11.71 లక్షల సేవానిధి, నాలుగో వంతుకు మించకుండా కొనసాగింపు. మిగతా మూడు వంతులకు పింఛను లేదు, గ్రాట్యుటీ లేదు, మాజీ సైనికుడు అన్న హోదా కూడా లేదు. 2025 మే 9న ఆపరేషన్ సిందూర్ రోజుల్లో సరిహద్దు కాల్పుల్లో మరణించిన మురళీ నాయక్ మనవాడే. శ్రీ సత్యసాయి జిల్లా గోరంట్ల మండలం కల్లి తండా కుర్రాడు, అగ్నివీర్. రాష్ట్ర ప్రభుత్వం 50 లక్షలు, అయిదెకరాలు, 300 గజాల ఇంటి స్థలం, కుటుంబంలో ఒకరికి ఉద్యోగం ప్రకటించింది. బీమా, పరిహారం వచ్చే ఏర్పాటు కేంద్రం పథకంలోనూ ఉంది. మామూలు జవాను కుటుంబానికి జీవితాంతం అందే పింఛను మాత్రం లేదు. ఆ తేడా ఎందుకని ఆయన తల్లి బొంబాయి హైకోర్టు తలుపు తట్టారు. పక్కపక్కనే నిలబడి ఒకే తూటాకు ఎదురొడ్డిన ఇద్దరిలో ఒకరి తల్లి పింఛనుకు అర్హురాలు, ఇంకొకరి తల్లి కాదు. కంచు పతకం, వెండి పతకం రోజుల నుంచి మనం ఎంత దూరం వచ్చినట్టు?

నా మటుకు నాకు తీర్పు స్పష్టంగానే ఉంది. నాలుగేళ్లు యూనిఫాం తొడిగినవాడు మాజీ సైనికుడే. హోదా ఇవ్వడానికి ఖజానా నుంచి పెద్ద సొమ్ము కదలక్కర్లేదు. విధుల్లో మరణించిన అగ్నివీర్ తల్లిదండ్రులకు మిగతా జవాన్లతో సమానంగా పింఛను ఇవ్వాలి. సైన్యంలో మొదటి జట్టు శిక్షణ 2023 జనవరిలో మొదలైంది, వాళ్ల నాలుగేళ్లు 2026 ఆఖరుకు నిండుతాయి. గిద్దలూరు, కంభం, మార్కాపూర్ రోడ్ స్టేషన్లలో దిగే ఆ కుర్రాళ్లను మళ్లీ కోర్టుల చుట్టూ తిప్పకుండా ఈలోపే తేల్చాలి.

మిలిట్రీవాళ్లున్న ప్రతి ఇంటికీ ఒక మనవి. వచ్చే పండక్కి ట్రంకుపెట్టె తెరవండి. డిశ్చార్జి బుక్కు ప్రతి పేజీ ఫోనులో ఫొటో తీసి పిల్లలందరికీ పంపండి. అమ్మ పేరు, పుట్టిన తేదీ పీపీఓలో, ఆధార్‌లో, బ్యాంకులో ఒకేలా ఉన్నాయేమో చూడండి. తేడా ఉంటే నాన్న బతికి ఉండగానే, ఆయన సంతకంతోనే రికార్డ్ ఆఫీసుకు రాసి సరిచేయించండి.